రొవీనా వరండాలో గిన్నెలు

రొవీనా టిబెట్స్ ఎప్పుడు చూసినా అలసిపోయినట్టే ఉండేది. శాసనసభకు పోటీ చేయకముందూ అంతే, చేసి ఓడిపోయాకా అంతే. ఇప్పుడే నిద్ర లేచిందో, నిద్రకు పోబోతోందో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. పొద్దున్నే నా కొట్టు తలుపు తీసేసరికి బయట ఆమె నడిపే పసుపుపచ్చ స్కూలు బస్సు గుర్రుమంటూ నిలబడి ఉండేది. ఆమె లోపలికొచ్చి, ఎంత చలైనా టోపీ తీసి, పాలు లేని కాఫీ పోసుకుని, "ఇవాళ పై రోడ్డు ఎలా ఉందంటావ్?" అని అడిగేది. కొట్టు వదిలి నేను ఊరి పైకెక్కే ఆ రోడ్డు మొహం చూసి ఏళ్ళయిందని ఆమెకూ తెలుసు. "నిన్నటిలాగే" అనేదాన్ని. మా స్నేహమంతా ఆ రెండు ముక్కల మీదే నడిచింది.

రెండు ముక్కలే అని నవ్వకండి. మా ఊరు హార్లన్ గోర్‌లో అది ఎక్కువే. వెర్మాంట్ రాష్ట్రమంతటా మాటలు పొదుపే గానీ మా ఊరివాళ్ళు మరీ పీనాసులు. ఎదుటివాళ్ళు చెప్పనిది అడగరు, ఎదుటివాళ్ళు అడగనిది చెప్పరు. దీన్ని మర్యాద అంటారు. రొవీనా మొగుడు చెట్లు కొట్టే పనికని వెళ్ళి పక్క రాష్ట్రంలో ఇంకో ఆవిడతో ఉండిపోయినప్పుడు ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కానీ ఆ వారమంతా ఆమె వరండాలోకి మూతపెట్టిన గిన్నెలు వచ్చి చేరాయి. ఎవరు పెట్టి వెళ్ళారో చూడాలంటే గిన్నె ఎత్తి అడుగున చూడాలి. అక్కడ తెల్ల టేపు మీద పేరు ఉంటుంది. తిన్నాక కడిగి ఇచ్చేయాలి కదా. చావైనా, కాలు విరిగినా, మొగుడు వదిలిపోయినా, మావాళ్ళు నోటితో అనలేనిది గిన్నెతో అంటారు. తప్పు చేసినా అంతే. పక్కవాడి కంచె కారుతో గుద్దినవాడు క్షమించమని అడగడు, వాడి గుమ్మంలో ఆపిళ్ళు కూరిన పై రొట్టె ఒకటి పెట్టి పారిపోతాడు.

మొగుడు వెళ్ళిపోయాక రొవీనాకు మిగిలింది కూతురు ఐవీ, ఆ బస్సు. ఐవీకి అప్పుడు ఎనిమిదేళ్ళు. డ్రైవరు వెనక సీటు ఆ పిల్లది. రొవీనా బస్సు నడపడమంటే ఉత్త నడపడం కాదు. ఏ పిల్ల పొద్దున తినకుండా ఎక్కిందో మొహం చూసి చెప్పేది, బిస్కెట్ల డబ్బా వెనక్కి అందించేది. చేతి తొడుగులు మరిచిపోయేవాళ్ళ కోసం సీటు కింద ఒక పెట్టె ఉండేది. అన్నిటికన్నా పైన, రోడ్డు చివర, కొలెట్ గోయెట్ ఇల్లు. అక్కడ రోడ్డు రోడ్డులా ఉండదు, వాగు ఎండితే మిగిలే రాళ్ళలా ఉంటుంది. మార్చిలో మంచు కరిగి బురదైతే అక్కడికి పోస్టు బండి కూడా వెళ్ళదు. రొవీనా వెళ్ళేది.

ఒక శీతాకాలం ఆమె గడ్డకట్టిన మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పట్నం నుంచి ఎవరినో పంపారు. అతను పై రోడ్డు మొదట్లో బస్సు ఆపి, కిందికి దిగి, చూసి, మళ్ళీ ఎక్కి వెనక్కి తిప్పుకుపోయాడు. ఇంకొకరిని పంపితే వాళ్ళు అంతవరకూ కూడా రాలేదు. రొవీనా చెయ్యి అతుక్కునేదాకా తల్లిదండ్రులే పిల్లల్ని మోసుకు తిరిగారు. పాలు పితికే వేళలు తప్పాయి, కర్రమిల్లుకు ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నారు. ఆ శీతాకాలాన్ని మా ఊరు మరిచిపోలేదు. ఎవరూ పైకి అనరు, అంతే.

తర్వాత ముప్పు బడి మీదకు వచ్చింది. పిల్లలు తక్కువున్న బళ్ళకు రాష్ట్రం నుంచి వచ్చే డబ్బు తెగ్గోసే నియమం ఒకటి రాజధానిలో పుట్టింది. మా బడిలో రెండే గదులు. ఆ నియమం శాసనసభలో నెగ్గితే బడి మూతపడుతుంది, పిల్లలు కొండ దాటి అవతలి పట్నం బడికి పోవాలి. వెళ్ళడానికి గంట, రావడానికి గంట. మంచు పడితే ఎంతో దేవుడికే తెలియాలి. ఆ కొండ రోడ్డుకు అంచున కమ్మీ లేదు, ఎదురుగా దుంగల లారీలు వస్తాయి. చంటిపిల్లల్లాంటి వాళ్ళను చీకటితో లేపి ఆ దారిన తీసుకుపోవాల్సింది రొవీనాయే.

ఒకరోజు పనికి సెలవు పెట్టి ఆమె రాజధానికి వెళ్ళింది, కమిటీ ముందు మాట్లాడడానికి. తిరిగొచ్చి నా కొట్టులో కూలబడింది. మాట్లాడడానికి రెండు నిమిషాలు ఇచ్చారట. అందరూ మర్యాదగానే ఉన్నారట. ఒకాయన దగ్గు బిళ్ళ కూడా ఇచ్చాడట. ఆమె తనంతట తాను అంత పొడుగు సంగతి చెప్పడం నేను వినడం అదే మొదలు. చివరికి కాఫీ కప్పులోకి చూస్తూ అంది.

"ఆ గదిలో అంతమంది ఉన్నారు గానీ, పొద్దున్నే లేచి పిల్లకు మేజోళ్ళు తొడిగేవాళ్ళు ఒక్కరూ లేరు."

నిజమే. శాసనసభ జనవరి నుంచి మే దాకా నడుస్తుంది, వారంలో నాలుగు రోజులు. ఇచ్చేది కాఫీ ఖర్చులకు కాస్త ఎక్కువ. ఉద్యోగం చేసుకునేవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు అక్కడికి ఎలా వెళతారు? రిటైరైనవాళ్ళు వెళతారు.

ఆ మార్చిలో ఊరి సభ జరిగింది. ఏటా ఆ రోజు ఊరంతా హాల్లో కూర్చుని రోడ్లకు ఇంత, బడికి ఇంత అని చేతులెత్తి తేల్చుకుంటాం, మధ్యలో సూపు తాగుతాం. మన తరఫున శాసనసభకు ఎవరైనా నిలబడండి, అక్కడ అడిగేవాళ్ళు లేకే ఇదంతా అని రొవీనా లేచి అంది. అందరూ తమ బూట్ల వైపు చూసుకున్నారు. వెనక వరసలోంచి ఎల్విన్ కాబ్ గొంతు లేచింది.

"అంత నొప్పిగా ఉంటే నువ్వే నిలబడవమ్మా. మమ్మల్ని చంపుకు తినడమెందుకు."

హాలంతా నవ్వింది. ఎల్విన్ అంటే ఊరికి అలవాటైన పంటినొప్పి. నలభై ఏళ్ళు దుంగల లారీ తోలాడు, డెబ్భై దాటినా నోరు మాత్రం రిటైర్ కాలేదు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. ప్రతి మార్చిలో బడి ఖర్చుకు వ్యతిరేకంగా లేచే మొదటి చెయ్యి అతనిదే. ఏళ్ళ తరబడి అతనికీ రొవీనాకూ ఆ హాల్లో పడేది కాదు. అందరూ నవ్వారు గానీ రొవీనా నవ్వలేదు. కూర్చుని, సూపు తాగి, మర్నాడు పేరు ఇచ్చేసింది.

మా ఊరూ, కింద లోయలో ఇంకో రెండు ఊళ్ళూ కలిపి ఒక సీటు. ఎదురు నిలబడ్డది లోయలో ఉండే విట్‌కోంబ్ గారు, ఇన్సూరెన్సు కంపెనీలో చేసి రిటైరైన పెద్దమనిషి. చెడ్డవాడని నేననను. నా కొట్టుకు ఒకసారి వచ్చాడు. బడి మూతపడడం బాధాకరమే, కానీ లెక్కలు లెక్కలే కదా అన్నాడు. పై రోడ్డుకు మాత్రం వెళ్ళలేదు, కారు అడుగు తగులుతుందని. అతని నున్నటి రంగు కార్డులు అందరి పోస్టు డబ్బాల్లోకీ వచ్చాయి. నేను వాటితో పొయ్యి రాజేశాను.

రొవీనా ఇల్లిల్లూ తిరిగింది. సాయంత్రం పిల్లల్ని దింపి, బస్సు పెట్టేసి, తన పాత ట్రక్కులో ఐవీని కూర్చోబెట్టుకుని బయలుదేరేది. కాళ్ళరిగేలా తిరిగింది. శనివారాలు డంపింగ్ యార్డు దగ్గర నిలబడేది, ఎందుకంటే ఆ రోజు చెత్త పారేయడానికి రాని మనిషి ఉండడు. కుక్కలు తరిమేవి, వాన తడిపేది. ట్రక్కులో ఐవీ లెక్కలు చేసుకుంటూ నిద్రపోయేది. ఎవరూ కాదనలేదు. అదే ఆమెను ముంచింది అంటాను నేను. "నీలాంటివాళ్ళే ఉండాలి అక్కడ" అనేవారు. ఒకరు గుమ్మడికాయ ఇచ్చేవారు, ఒకరు గుడ్లు. కొలెట్ అయితే ఐవీకి టోపీ అల్లి ఇచ్చింది. కానీ ప్రతి గుమ్మంలోనూ జనం ఏదో అడగబోయి ఆగినట్టు అనిపిస్తోందని రొవీనా ఒకసారి నాతో అంది. ఏం అడగబోయారో అని నేనన్నాను. ఏమో అంది, ఆవులించింది.

ఆ ప్రశ్నేమిటో తర్వాత తెలిసింది. నేనూ దాన్ని అడగలేదు గానీ నా సంగతి వేరు. ఆ పిల్లలు బడికి చేరే దారి చూడకుండా రొవీనా ఇల్లు కదలదని నాకు తెలుసు.

నవంబరులో ఓట్ల రోజు సన్నగా మంచుతో కలిసిన వాన. రొవీనా పొద్దున బస్సు నడిపి వచ్చి, తన పేరున్న అట్ట పట్టుకుని హాలు బయట నిలబడింది. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి పిల్లల్ని దింపి వచ్చి నిలబడింది. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఆమె భుజం తట్టారు. లోపల బడిపిల్లలు కేకులు అమ్ముతున్నారు, బడి కోసమే. ఎల్విన్ వచ్చాడు, భుజం తట్టలేదు, పలకరించలేదు. కేకు ధర మీద పోట్లాడి రెండు కొనుక్కుపోయాడు.

లోయ ఊళ్ళు ఎటూ తేలవని, సగం సగం పోతాయని అందరికీ తెలుసు. మా ఊరు గట్టిగా నిలబడితే చాలు. చేత్తో లెక్కపెట్టాక టౌన్ క్లర్కు లేచి మా ఊరి ఓట్లు పైకి చదివింది. విట్‌కోంబ్‌కే ఎక్కువ వచ్చాయి. మా సొంత ఊళ్ళో. చదివినావిడ నమ్మలేక కాగితం మళ్ళీ చూసుకుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. రొవీనా అట్ట గోడకు ఆనించి, కుర్చీలు మడిచి పేర్చడం మొదలుపెట్టింది. ఆ పని ఆమెది కాదు. హాలంతా పేర్చేసి ఇంటికి పోయింది.

మర్నాడు మామూలుగానే వచ్చి కాఫీ పోసుకుంది. పై రోడ్డు ఎలా ఉందంటావని అడగలేదు. నాకు రోజంతా మనసు మనసులో లేదు. మూడింటికే కొట్టు మూసి ఆమె ఇంటికి వెళ్ళాను. ఏం తీసుకెళ్ళాలో తోచలేదు, ఖాళీ చేతులతోనే వెళ్ళాను. అక్కడ వరండా చూసి సిగ్గేసింది. కాలు పెట్టే చోటు లేదు, అన్నీ గిన్నెలే. చీజు వేసిన మాకరోనీ, బెల్లం పాకంలో ఉడికించిన చిక్కుడు గింజలు, గుమ్మడి రొట్టెలు, కోడి పులుసు. రొవీనా కోటు కూడా విప్పకుండా మెట్టు మీద కూర్చుని ఒక్కొక్క గిన్నే ఎత్తి అడుగున పేరు చూస్తోంది. పక్కన ఐవీ నిలబడి ఉంది.

"అమ్మా, మనింట్లో ఎవరు చచ్చిపోయారు?"

రొవీనా ఇంకో గిన్నె ఎత్తి చూసింది. ఆ పేర్లన్నీ ఆమె బస్సు దారిలోని ఇళ్ళవే, ఒక్కటి కూడా తప్పలేదు. మా ఊరి గిన్నె భాష ఆమెకూ వచ్చు, నాకూ వచ్చు. పరామర్శకు ఇన్ని గిన్నెలు రావు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

అప్పుడే కొలెట్ కారు వచ్చింది. పొగలు కక్కుతున్న పంది మాంసం కూరిన పై రొట్టె గిన్నె రెండు చేతులా పట్టుకుని దిగింది. వరండాలో మేముంటామని అనుకోలేదు, పెట్టేసి పారిపోదామని వచ్చింది. వెనక్కి తిరిగే దారి లేకుండా ఎల్విన్ ట్రక్కు వచ్చి ఆమె కారు వెనకే ఆగింది. అతను నెమ్మదిగా దిగి గిన్నెల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"సంతకు పెట్టినట్టున్నారే. ఒక్కడూ ఓటు వేయలేదన్నమాట."

కొలెట్ మొహం కందగడ్డయింది. వేడి గిన్నె దించడానికి చోటు లేక అలాగే పట్టుకుని నిలబడింది. రొవీనా లేచి ఆ గిన్నె అందుకుంది. ఆ అందుకోవడంతోనే కొలెట్ నోరు తెరుచుకుంది.

"నువ్వు ఆ రాజధానికి పోతే శీతాకాలమంతా బస్సు ఎవరు నడుపుతారు, రొవీనా? మా పెద్దపిల్లల్ని, వచ్చే ఏడు మా చిన్నాడు రెమీని, ఆ పైనుంచి ఎవరు దింపుతారు? నా ఒక్క ఓటు లేకపోతే ఏం, మిగతావాళ్ళు వేస్తార్లే అనుకున్నా."

ఎండాకాలం నుంచి ప్రతి గుమ్మంలో గొంతులో ఇరుక్కున్న ప్రశ్న అది. అడిగిన మొదటి మనిషి కొలెట్. అడిగింది ఓట్ల మర్నాడు.

"నేను," అన్నాడు ఎల్విన్.

కొలెట్ అర్థం కానట్టు చూసింది. నాకూ అర్థం కాలేదు.

"నేను నడుపుతాను. పోయిన నెల స్కూలు బస్సు పరీక్ష పాసయ్యా. ఆ డాక్టరు నా కళ్ళూ చెవులూ గుండె అన్నీ కెలికి చూశాడు. ఎండాకాలం ఆదివారాలన్నీ క్వారీ దగ్గర ఈ రొవీనా నాచేత ఆ డబ్బా బస్సు తిప్పించింది. బూతులు మాట్లాడకూడదని రూలు కూడా పెట్టింది. నిలబడమని నోరు జారిందే నేను కదా, మరి."

"మరి చెప్పొచ్చుగా, రొవీనా," అంది కొలెట్.

"ఎవరూ అడగలేదు," అంది రొవీనా.

కోపంగా అనలేదు. కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి కదా. ఎల్విన్ టోపీ సర్దుకుని గిన్నెల వైపు చెయ్యి చూపించాడు.

"నేనేమీ తేలేదమ్మాయ్. నీకే వేశాను, తేవాల్సిన పని లేదు."

నేను నా ఖాళీ చేతుల వైపు చూసుకున్నాను. వచ్చినప్పటి సిగ్గు పోయింది.

ఆ గిన్నెల తిండి తల్లీ కూతుళ్ళు చాలా రోజులు తిన్నారు. మాకరోనీ పేరెత్తితే ఐవీ ఏడ్చే స్థితికి వచ్చింది. రొవీనా ఒక్కొక్క గిన్నే శుభ్రంగా కడిగి బస్సులో పెట్టుకునేది. సాయంత్రం పిల్ల దిగేటప్పుడు వాళ్ళ ఇంటి గిన్నె చేతికిచ్చి పంపేది. ఎవరి గిన్నె వాళ్ళకు చేరింది. ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

విట్‌కోంబ్ గారు జనవరిలో వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. నియమం ఓటుకు వచ్చింది, ఆయన లెక్కలు చూసి చెయ్యెత్తాడు. జూన్లో మా బడి మూశారు. బల్లలు వేలం వేశారు. చిన్న బల్ల ఒకటి ఎల్విన్ కొన్నాడు, పిల్లల్లేని మనిషికి అదెందుకో నేనడగలేదు. కానీ రొవీనాను ఒకటి అడిగాను. మా ఊరి మర్యాద అప్పటికే నాకు విసుగొచ్చేసింది. మళ్ళీ నిలబడతావా అన్నాను. బడే పోయాక ఇంక దేనికి నిలబడాలి, తనకు పొద్దున్నే లేవాలి అంది.

సెప్టెంబరు నుంచి కొండ దాటే బస్సు మొదలైంది. ఎల్విన్‌కు అది ఇవ్వరు, అతనికి ఒంట్లో బాగోక ఆ ఎండాకాలమే డాక్టర్లు సొంత ట్రక్కు కూడా తోలొద్దన్నారు. మొదటి రోజు నేను లేచేసరికే రొవీనా నా కొట్టు దాటి వెళ్ళిపోయింది. ఆ రోజు సంగతి నాకు చెప్పింది కొలెట్. నేనడగకుండానే, మధ్యాహ్నం కొట్టులోకొచ్చి, ఏమీ కొనకుండా నిలబడి చెప్పింది.

ఇంకా తెల్లారలేదట. పై రోడ్డు చివర తల్లులందరూ లాంతర్లు పట్టుకుని నిలబడ్డారట. మామూలుగా అంతమంది రారు. రెమీకి అయిదేళ్ళు నిండి అది బడికి మొదటి రోజు. వాడు నిలబడే నిద్రపోతున్నాడట. కొలెట్ వాణ్ణి ఎత్తి బస్సు మెట్టు మీద పెట్టింది. రొవీనా వాణ్ణి అందుకుని, ఐవీ పక్కన కూర్చోబెట్టి, తన కోటు వాడి మీద కప్పింది. కొలెట్‌కు చెయ్యి వదలబుద్ధి కాలేదట. ఆ కొండ మీద జాగ్రత్త రొవీనా, పిల్లలు జాగ్రత్త అందట.

రొవీనా స్టీరింగు ముందు కూర్చుని ఆమె వైపు చూసింది. ఎప్పటి మొహమే, అలసిపోయిన మొహం.

"అందుకేగా నన్ను ఊళ్ళోనే అట్టేపెట్టుకున్నారు," అందట.

తలుపు మూసి, బస్సును కొండ వైపు తిప్పింది.